మెస్సలీనాతో మొదలుపెట్టకు

అమ్మాయికి ఆశీస్సులు.

ప్రాచీన రోమ్ ఆడవాళ్ల మీద నువ్వు రాసిన వ్యాసం ఆపకుండా చదివాను. నీ వాక్యంలో వేగం ఉంది. అయితే మొదటి పేరాలోనే విచ్చలవిడి తిరుగుడు కథలకెక్కిన క్లాడియస్ చక్రవర్తి భార్య మెస్సలీనా, ఆ వెంటనే అతన్ని విషపు పుట్టగొడుగులతో చంపిందని చెప్పే తర్వాతి భార్య అగ్రిప్పినా వచ్చేశారు. మెస్సలీనా చనిపోయింది క్రీ.శ. 48లో. ఆమె కథ మనకు చెప్పిన చరిత్రకారుడు టాసిటస్ అప్పటికి పుట్టనే లేదు. ఆమె గురించి కవి జువెనాల్ రాసినవేమో ఎత్తిపొడుపు పద్యాలు. ఈ సంగతి వ్యాసంలోనే చెప్పు. పాఠకుడికి విసుగొస్తుందని భయపడకు, నిజానికి అక్కడే అతనికి ఆసక్తి పుడుతుంది.

నేనైతే విండోలాండాతో మొదలుపెడతాను. ఉత్తర బ్రిటన్‌లోని సైనిక కోట అది. క్రీ.శ. 100 ప్రాంతంలో క్లాడియా సెవెరా అనే ఆవిడ అక్కడి దళాధిపతి భార్య సుల్పీషియా లెపిడినాకు పల్చటి చెక్క పలక మీద ఉత్తరం పంపింది. సెప్టెంబరు 11న నా పుట్టినరోజు, నువ్వు తప్పకుండా రావాలి, మా ఆయనా చిన్నబ్బాయీ అడిగామని చెప్పమన్నారు అని. అదంతా ఎవరో లేఖకుడి దస్తూరి. చివరి నాలుగు ముక్కలు మాత్రం వేరే చేతి రాత, అంత కుదురైన రాత కాదు. నీ కోసం ఎదురుచూస్తుంటాను సోదరీ అని సెవెరా స్వయంగా రాసుకుంది. ఒక స్త్రీ తన చేత్తో రాసిన లాటిన్‌లో మనకు దక్కిన తొలి ఆనవాళ్లలో ఇదొకటి. దీని మీద పేజీ రాసినా ఎక్కువ కాదు.

హోర్టెన్షియా అనే రోమన్ వనితను వదలకు. క్రీ.పూ. 42లో 1,400 మంది ధనిక స్త్రీల మీద యుద్ధపన్ను వేస్తే, పదవుల్లో మాకు భాగం లేనప్పుడు పన్నెందుకు కట్టాలని రోమ్ నగర కూడలి ఫోరమ్‌లో నిలదీసింది. ఆ సంఖ్య 400కు దిగింది. కాకపోతే ఆ ప్రసంగం మనకు అందింది దాదాపు 200 ఏళ్ల తర్వాత చరిత్రకారుడు అప్పియన్ గ్రీకులో రాసిన రూపంలో. ఆమె మాటలే అన్నట్టు కొటేషన్‌లో పెట్టకు.

‘రోమన్ స్త్రీకి స్వేచ్ఛ ఉండేది’ అన్న నీ వాక్యం కొట్టెయ్. ఏ స్త్రీకి? అగస్టస్ చట్టం ప్రకారం పుట్టుకతోనే స్వతంత్రురాలైన స్త్రీ ముగ్గురు బిడ్డల్ని కంటే ఆమెకు సంరక్షకుడి పెత్తనం తప్పేది. బానిస స్త్రీ కన్న బిడ్డ మాత్రం యజమాని ఆస్తి.

ఉత్తర ఇంగ్లండ్‌లోని సౌత్ షీల్డ్స్‌లో రెజీనా అనే ఆమె సమాధి రాయి ఉంది. బ్రిటన్‌లోని కటువెల్లౌని తెగ పిల్ల. సిరియాలోని పాల్మైరా నుంచి వచ్చిన బరాటెస్‌కు బానిస, అతనే విడుదల చేసి పెళ్లాడాడు. 30 ఏళ్లకే పోయింది. శిల్పంలో ఆమె పక్కన ఉన్ని ఉండల బుట్ట ఉంటుంది, ముఖం పగిలిపోయింది. కింద లాటిన్ రాతకు తోడు తన సొంత పాల్మైరా లిపిలో ‘బరాటెస్ విడిపించిన రెజీనా, అయ్యో’ అని చెక్కించాడు. దాన్ని చూడగానే ప్రేమకథ అల్లాలనిపిస్తుంది. అల్లకు. అతని దుఃఖం రాయి మీద ఉంది, దాన్ని రాయి. అతన్ని కాదనే వీలు ఆమెకు ఎప్పుడైనా ఉందా అని కూడా అడుగు. జవాబు రాయి మీద లేదు, నువ్వు పూరించకు.

తిరగరాసి పంపు. ఈసారి మెస్సలీనా వస్తే, టాసిటస్‌తో కలిసే రావాలి.

ఆశీస్సులతో.