ఏబీజీ మెషిన్ లేని చోట ల్యాప్ కోలీ: ఎండ్ టైడల్‌ను ఎంతవరకు నమ్మాలి?

గుంటూరులో చిన్న నర్సింగ్ హోమ్, ఏబీజీ (ధమని రక్తంలోని వాయువుల పరీక్ష) మెషిన్ లేదు, చుట్టలు బాగా కాల్చే 62 ఏళ్ల పేషెంటుకు ల్యాప్ కోలీ (పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ ఎక్కించి, కెమెరాతో పిత్తాశయం తీసే ఆపరేషన్). ఎండ్ టైడల్ (వదిలే ఊపిరి చివర కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో మానిటర్ చూపే అంకె) ఒక్కటే చూసుకుంటూ కేసు నడపొచ్చా అన్నది మీ ప్రశ్న. నడపొచ్చు, కానీ దాని పక్కన ఇంకో అంకె, అంటే రక్తంలోని కార్బన్ డయాక్సైడ్‌కు, దానికి ఉన్న తేడా, తెలియాలి.

ఊపిరితిత్తులు బాగున్నవాళ్లకు మత్తులో ధమని రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ ఎండ్ టైడల్ కంటే సుమారు 3 నుంచి 5 మి.మీ. (పాదరసం) ఎక్కువ ఉంటుంది. సీఓపీడీలో (ఎక్కువగా పొగతాగేవాళ్లకు వచ్చే, ఊపిరి వదలడం కష్టమయ్యే ఊపిరితిత్తుల జబ్బు) ఆ తేడా 10, 15కి పోవచ్చు. అంటే తెర మీద 40 చూపిస్తుంటే రక్తంలో 55 ఉండొచ్చు. అందుకే ట్యూబ్ వేశాక, పొట్టలోకి గ్యాస్ ఎక్కించకముందే ఒక ఏబీజీ తీసి బయటి ల్యాబ్‌కు పంపండి. సిరంజిలో బుడగ ఉండకూడదు, 30 నిమిషాల్లోపు మెషిన్‌లో పెట్టాలి. శాంపిల్ తీసిన నిమిషంలో ఎండ్ టైడల్ ఎంతో చీటీ మీద రాసిపెట్టండి. అది రాయకపోతే రిపోర్టు వచ్చినా తేడా తేలదు.

ఆ తేడా కూడా స్థిరం కాదు. బీపీ పడితే ఊపిరితిత్తులకు రక్తం తగ్గి ఎండ్ టైడల్ దిగుతుంది, రక్తంలోది దిగదు. అది చూసి వెంటిలేటర్ శ్వాస రేటు తగ్గించారంటే పని చెడినట్టే. అంకె, బీపీ రెండూ ఒక్కసారిగా పడితే ముందు సర్జన్ చేత గ్యాస్ ఆపించి, పొట్టలోది వదిలించండి. ఎంబోలిజమా (గ్యాస్ రక్తనాళంలోకి పోవడం) కాదా అనేది ఆ తర్వాతి మాట.

అంకె కంటే ముందు తెర మీద ఎండ్ టైడల్ గీత చూడాలి. పై అంచు ఏటవాలుగా ఎక్కుతూనే ఉంటే గాలి పూర్తిగా బయటికి రావడం లేదు. అప్పుడు రేటు పెంచితే లోపల గాలి చిక్కుతుంది, ఊపిరి వదిలే సమయం పెంచాలి. గీత తక్కువ ఎత్తులో చదునుగా సాగి చివర చిన్న ముల్లులా లేస్తే శాంప్లింగ్ లైన్ (ఊపిరి గాలిని మానిటర్‌కు తీసుకెళ్లే సన్న గొట్టం) కనెక్టర్ పగిలి బయటి గాలి కలుస్తోందని అనుమానించండి. ఏసీ గట్టిగా వేసే ఆపరేషన్ థియేటర్లలో లైన్‌లో నీరు త్వరగా చేరుతుంది. లైన్‌ను ట్యూబ్ దగ్గరి ఫిల్టర్‌కు మత్తు మెషిన్ వైపు, పోర్టు పైకి ఉండేలా తగిలించి, కేసుకు ముందే వాటర్ ట్రాప్ ఖాళీ చేయండి.

చర్మం మీద నుంచే కార్బన్ డయాక్సైడ్ కొలిచే ట్రాన్స్‌క్యుటేనియస్ సెన్సర్ దొరికితే ఇలాంటి కేసుకు బాగా పనికొస్తుంది. చర్మాన్ని 42 డిగ్రీల దాకా వేడి చేస్తుంది, నిలకడకు 5–10 నిమిషాలు పడుతుంది. పేషెంటు చల్లబడినా, నోరడ్రినలిన్ (బీపీ పెంచే మందు) నడుస్తున్నా దాన్ని నమ్మొద్దు. ధర వల్ల చిన్నచోట్ల కనిపించదు.

పల్స్ ఆక్సీమీటర్ ఈ లెక్కలోకి రాదు. ఆక్సిజన్ పెట్టి ఉంటే కార్బన్ డయాక్సైడ్ 70 దాటినా అది 98 చూపిస్తుంది. ఆషాఢంలో నల్ల మెహందీ ఉన్న వేలికి సిగ్నల్ అందకపోతే చెవి తమ్మెకు మార్చండి. ట్యూబ్ తీశాక కూడా ఒంట్లో మిగిలిన గ్యాస్ కొంతసేపు వస్తూనే ఉంటుంది కాబట్టి, రికవరీలో ముక్కు శాంప్లింగ్ లైన్ తీసేయకండి.