జేబులో కనపడదు గానీ చేతికి తెలుస్తది

తమ్ముడూ, డాలస్‌లో జేబులో పెట్టుకోవడానికి చిన్న పిస్టల్ కావాలి, రూగర్ ఎల్‌సీపీ మంచిదా, సిగ్ పీ365 మంచిదా అని అడిగావు. నేను హన్మకొండకు తిరిగొచ్చేశాను గానీ, అక్కడున్నప్పుడు రెండూ కాల్చి చూశాను, కొన్నది మాత్రం వేరేది.

ఎల్‌సీపీ ఖాళీగా పావుకిలో కన్నా కాస్త ఎక్కువ, అంతే. ప్యాంటు జేబులో వేస్తే పర్సు అనుకుంటారు. అది చూసి మురిసిపోయి రేంజ్‌లో, అంటే కాల్చడం సాధన చేసే చోట, అద్దెకు తీసుకుని ఒక డబ్బా, అంటే 50 తూటాలు, కాల్చడం మొదలుపెట్టానా, ముప్పై దాటేసరికి బొటనవేలి పక్కన చర్మం కమిలిపోయి, ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూతపడటం మొదలైంది. పిడి మీద రెండు వేళ్లే పడతాయి, చిటికెనవేలు గాల్లోనే. తుపాకీకి బరువు లేకపోతే ఆ .380 తూటా పేలినప్పుడు వెనక్కి తన్నే తన్నంతా చేతికే కదా.

పీ365 పెద్ద తూటా, 9 ఎంఎం, అయినా అరకిలో ఉంటుంది కాబట్టి చేతిలో నిలుస్తుంది. జీన్స్ జేబులో మాత్రం ఉబ్బుతుంది, నడుముకే కట్టుకోవాలి. బరువుంటే చాలనీ కాదు. వాల్థర్ పీపీకే కూడా అరకిలో దాటుతుంది, కానీ అందులో బ్యారెల్ కదలదు, వెనక్కొచ్చే స్లైడ్‌ను, అంటే పైన జరిగే లోహపు భాగాన్ని, దాని బరువూ స్ప్రింగూ మాత్రమే ఆపాలి, అందుకని దెబ్బ గుచ్చినట్టు తగులుతుంది. పైగా ఆ స్లైడ్ నా చేతి మీద రెండు గీతలు పెట్టింది.

నేను కొన్నది కెల్‌టెక్ పీ32. .32 తూటా, 190 గ్రాములు కూడా లేదు, లాల్చీ జేబులో వేసినా లాల్చీ వేలాడదు, తన్ను కూడా తక్కువ. గొడవల్లా, ఆ తూటా అడుగు అంచు కొంచెం బయటికి ఉంటుంది, మొనలో గుంట ఉండే పొట్టి హాలో పాయింట్ తూటాలు వేస్తే, తూటాలు పేర్చే మ్యాగజైన్‌లో ఒకదాని అంచు ఇంకోదాని వెనక ఇరుక్కుంటుంది. నాకు ఒకసారి ఇరుక్కుంది, రేంజ్‌లో కాబట్టి సరిపోయింది. మొన మూసి ఉండే మామూలు ఫుల్ మెటల్ జాకెట్ తూటాలకు మారాక మళ్లీ రాలేదు.

ఏది కొన్నా ట్రిగ్గర్‌ను మూసే హోల్‌స్టర్, అంటే తుపాకీ ఒర, ఉండాలి, ఆ జేబులో తాళాలు వేయకు. నీది హెచ్1బీ అయితే మాత్రం ముందు ఆగు, వేట లైసెన్స్ లాంటి మినహాయింపు ఉంటే తప్ప ఆ వీసా మీద తుపాకీ దగ్గర పెట్టుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం.

ఇక్కడ మా మామ దగ్గర లైసెన్స్ ఉన్న .32 రివాల్వర్ ఉంది, ఎన్నికలొస్తే స్టేషన్‌లో అప్పజెప్పి రసీదు తెచ్చుకుంటాడు. అసలు తన్నదంటాడు. జేబులో మాత్రం మామిడికాయ వేసుకున్నట్టే.