అస్త్రాలు పక్కన పెట్టు

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. యాంటీబయాటిక్‌ను మోసుకెళ్లే నానో కణాల గురించి రాస్తూ మొదటి పేజీలోనే మూడుసార్లు ‘క్షిపణి’ అన్నావు, ఒకసారి ‘రామబాణం’ అన్నావు. ఒళ్లు మండింది. నువ్వు రాసిన పీఎల్‌జీఏ (ఒంట్లో మెల్లగా కరిగిపోయే ఒక రకం పాలిమర్) కణానికి గురీ లేదు, పాడూ లేదు. ఊపిరితిత్తుల్లోకి చేరితే మాక్రోఫేజ్ అనే రక్షక కణం దాన్ని ఏదో చెత్తనుకుని మింగేస్తుంది. క్షయ సూక్ష్మజీవి కాపురం పెట్టేది కూడా ఆ మాక్రోఫేజ్‌లోనే. మందు ఎగిరి వెళ్లి పొడవక్కర్లేదు, సూక్ష్మజీవి ఉన్న ఇల్లే దాన్ని లోపలికి లాక్కుంటోంది. ఇది వదిలేసి టపాసులు కాల్చావు.

మందు దించాక ఆ కణం ఏమవుతుందో ఒక్క ముక్క రాయలేదు. నీళ్లు తగిలి మెల్లగా విరిగి లాక్టిక్, గ్లైకోలిక్ ఆమ్లాలవుతుంది. వాటిని వదిలించుకోవడం ఒంటికి తెలుసు. సర్జన్లు లోపల వేసే కరిగిపోయే కుట్ల దారాల్లో కొన్ని ఈ జాతివే.

ఈ అస్త్రాల పిచ్చి నీది కాదులే, పత్రికల డెస్కుల్లో పుట్టింది. చండీగఢ్‌లోని పీజీఐ అనే వైద్య పరిశోధన సంస్థ వాళ్లు 2003 ప్రాంతంలో మూడు క్షయ మందులను ఈ కణాల్లో పెట్టి గినీ పందులకు పీల్పించారు. పది రోజులకొకటి చొప్పున ఇచ్చిన 5 డోసులు, రోజూ నోటితో ఇచ్చే 46 డోసుల పని చేశాయి. దాని మీద నేను రాస్తే, సబ్ ఎడిటర్ మహాశయుడు ‘గినీ పందులకు’ అన్న మాట కొట్టేసి ‘టీబీపై నానో అస్త్రం’ అని హెడ్డింగ్ పెట్టాడు. వారం తిరక్కుండా ఎవరో తండ్రి నా నంబరు సంపాదించి ఫోన్ చేశాడు: “అయ్యా, ఆ మందు ఏ షాపులో దొరుకుతుందండీ?” ఏం చెప్పను? ఎడిటర్ దగ్గర మొత్తుకుంటే “పాఠకుడికి పందులెందుకండీ” అన్నాడు. అప్పట్నుంచీ జంతువు పేరు మొదటి వాక్యంలోనే, కొట్టేస్తే వాక్యం కూలిపోయేలా ఇరికిస్తున్నా. నువ్వూ ఇరికించు.

క్షయ మందులు వాడిన మీ పిన్ని సంగతి బాగుంది. మూత్రం నారింజ రంగులో వస్తోందని హడలిపోవడం, రెండో నెలలో దగ్గు తగ్గగానే మిగతా స్ట్రిప్పులు బియ్యం డబ్బాలో దాచేయడం. అది ఎనిమిదో పేజీలో ఎందుకుంది? ఆరు నెలలు మింగలేక మధ్యలో మానేసేవాళ్లు ఉండబట్టే కదా ఈ పది రోజుల డోసు కోసం ఇంత తంటా! ఆ రంగు రిఫాంపిసిన్ అనే క్షయ మందుదని ఆవిడకు ఎవరూ చెప్పకపోతే అదీ రాయి.

పారితోషికం సంగతి, పుస్తకం సంగతి తర్వాత చూద్దాం. లోపలి మందులో కొంత మొదటి గంటల్లోనే ఒక్కసారిగా బయటపడిపోవడం ఈ కణాలతో పెద్ద తలనొప్పి. ఫార్మసీ వాళ్లు ‘బర్స్ట్ రిలీజ్’ అంటారు. మీ ఊళ్లో ఫార్మసీ కాలేజీ ఉందన్నావుగా, వెళ్లి ఒక లెక్చరర్‌ను కూర్చోబెట్టి అడుగు. అది కూడా కలిపి, పిన్నిని ముందుకు తెచ్చి, నెలాఖరులోగా పంపు.