1926 హార్లెం, వేర్ల వైద్యం తెలిసిన నాయిక: మంత్రం ఉన్నా మిస్టరీ నిలవాలంటే?

మీ ప్రశ్న: 1920ల్లో న్యూయార్క్‌లోని నల్లజాతివాళ్ల పేట హార్లెంలో నల్లజాతి యువతి నాయికగా, మంత్రశక్తి కలిసిన హత్యారహస్యం రాస్తున్నారు, మంత్రం రాగానే సస్పెన్స్ చప్పబడిపోతోంది, ఏం చేయాలి?

మంత్రమే హంతకుడి పేరు చెప్పేస్తుంటే చప్పబడక ఏమవుతుంది? మంత్రం వల్ల ఆమెకి నిజం తెలియాలి, రుజువు మాత్రం దొరక్కూడదు. ఈ పద్ధతి ఆ కాలానికి చక్కగా అతుకుతుంది. నల్లజాతి స్త్రీ కళ్లారా చూసి చెప్పినా పోలీసులు నమ్మడం కష్టమైన రోజులవి. న్యూయార్క్‌లో ఆడవాళ్లు జ్యూరీలో కూర్చోవడం 1937లో గానీ మొదలవలేదు. 1911లో పోలీసు ఉద్యోగంలో చేరిన నల్లజాతివాడు శామ్యూల్ బాటిల్ 1926లో సార్జెంట్ అయ్యాడు గానీ, స్టేషన్లలో అలాంటివాళ్లు చాలా తక్కువ. కాబట్టి మంత్రంతో తెలిసినదాన్ని ఆమె ఒక కాగితంతోనో వస్తువుతోనో మళ్లీ నిరూపించాలి. మీ కథంతా ఆ రెండో పనిలోనే ఉంది.

మంత్రం విషయానికొస్తే, హూడూనీ హైతీ వోడూనీ కలిపేయకండి. వోడూ దేవతలూ పూజారులూ ఉన్న మతం. హూడూ ఇంటి పద్ధతి: వేర్లు, పొడులు, బైబిల్ కీర్తనలు. చేసేవాళ్లు ఆదివారం బాప్టిస్టు చర్చికో మెథడిస్టు చర్చికో వెళ్లేవాళ్లే. వర్జీనియా, కరోలినాల నుంచి వలస వచ్చినవాళ్లు దీన్ని హార్లెంకి తెచ్చారు. జమైకా, బార్బడోస్ వాళ్లు తెచ్చిన ఓబియా అనే మంత్రవిద్య దీనికి భిన్నం. ఒకే మేడలో పక్కపక్క గదుల్లో ఈ ఇద్దరినీ పెడితే కథకి బోలెడు పని దొరుకుతుంది. మన సినిమాల్లోని చేతబడి సీను, ఆ నిమ్మకాయలూ పుర్రే, ఇక్కడికి తేవద్దు.

ఒక్క వస్తువు తీసుకుని దాన్ని పూర్తిగా వాడండి. నన్నడిగితే వెండి డైమ్. పది సెంట్ల నాణేనికి చిల్లు పెట్టి దారంతో చీలమండకి కట్టుకుంటారు. ఎవరైనా నడిచే దారిలో పొడి చల్లితే నాణెం నల్లబడి హెచ్చరిస్తుందని నమ్మకం. ఆ నాణెంలో 90 శాతం వెండి, మిగతాది రాగి. చల్లే గూఫర్ పొడిలో సమాధి మట్టితో పాటు తరచూ గంధకం ఉంటుంది. గంధకం తగిలితే వెండి నల్లబడుతుంది. మీ నాయిక హార్లెం ఆసుపత్రిలో 1923లో మొదలైన నర్సింగ్ స్కూలు విద్యార్థిని అయితే ఆమెకి రెండు కారణాలూ తెలుసు, రెండూ నిజమే. ఒక జాగ్రత్త: చెమటకీ బొగ్గు పొగకీ కూడా వెండి మెల్లగా మసకబారుతుంది. అందుకని రాత్రికి రాత్రే, బయటివైపు మాత్రమే నల్లబడినట్టు చూపించండి. లేకపోతే చురుకైన పాఠకుడు అక్కడే పట్టేస్తాడు.

నేరానికి నంబర్స్ ఆటని, అంటే రోజూ ఒక మూడంకెల నంబరు మీద చాటుగా కట్టే పందేన్ని, మించింది లేదు. రోజూ పొద్దున పది ప్రాంతాల బ్యాంకుల చెక్కుల లెక్కలు తేల్చే న్యూయార్క్ క్లియరింగ్ హౌస్ రెండు మొత్తాలు ప్రకటించేది. మొదటి మొత్తంలో రెండో, మూడో అంకెలు, రెండో మొత్తంలో మూడో అంకె కలిపితే ఆ రోజు నంబరు. 58 కోట్ల 90 లక్షలు, 11 కోట్ల 60 లక్షలు అనుకోండి. డాలర్లలో 589, 116 మిలియన్లు, నంబరు 896. తగిలితే ఒకటికి 600. అయిదు సెంట్లకి 30 డాలర్లు, అయిదు డాలర్లకి 3,000. ఏ కలకి ఏ నంబరో చెప్పే కలల పుస్తకాలు అమ్మేవాళ్లు, పుస్తకానికో లెక్క.

ఇప్పుడు ముడి వేయండి. ఒకడు ఆ రోజు నంబరు 896 అని బయటపడ్డాక పందెం చీటీ రాసి, పందేల వసూలుదారు కట్టలో దూర్చబోయాడు. వసూలుదారు ఒప్పుకోలేదు, చనిపోయాడు. హంతకుడు మాత్రం “రాత్రి చేప కలలోకి వచ్చింది, పుస్తకం చూసి ఎనిమిది గంటలకే కట్టాను” అంటాడు. మీ నాయికకి ఎదుటివాళ్ల కలలు కనిపిస్తాయి. ఆ రాత్రి అతను ఏ కలా కనలేదని ఆమెకి తెలుసు. అది ఎక్కడా చెప్పుకోలేని సాక్ష్యం. అతని పాత పుస్తకంలో చేపకి వేరే నంబరు ఉంది. చేపకి 896 ఉన్న పుస్తకం అతని ఇంటి యజమానురాలు ఆ రోజు పదకొండింటికి కొన్నది. పట్టుబడేది అక్కడ.

నంబరు లెక్క కట్టే పద్ధతీ, ఇంటి యజమానురాలికి కలల పుస్తకాల పిచ్చీ హత్యకి ముందే, కథలో మొదటి మూడో వంతులో, మామూలు కబుర్ల మధ్య వచ్చేయాలి. చివర్లో బయటపెడితే పాఠకుడికి కోపం వస్తుంది, అది న్యాయమైన కోపమే.

తేదీల్లో జారేవి కొన్ని: సవాయ్ బాల్‌రూమ్ అనే డాన్సు హాలు 1926 మార్చిలో తెరిచారు. కాటన్ క్లబ్‌లో నల్లవాళ్లు పనిచేయొచ్చు, ఆడొచ్చు, పాడొచ్చు. ప్రేక్షకులుగా మాత్రం తెల్లవాళ్లే, కాబట్టి ఆమెని అక్కడ బల్ల ముందు కూర్చోబెట్టకండి. సబ్‌వే టికెట్ అయిదు సెంట్లు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకి సెలవు ఎక్కువగా గురువారం. అద్దె డబ్బుల కోసం ఇళ్లల్లో పెట్టే పార్టీ ఆ రాత్రి పెడితే పాత్రలన్నీ ఒక గదిలో చేరతాయి. 1930 తర్వాత కథ నడిపితే క్లియరింగ్ హౌస్ లెక్క పనికిరాదు, గుర్రప్పందేల అంకెలు వాడాలి.

సంభాషణలకి తెలంగాణ మాండలికమో ఉత్తరాంధ్ర యాసో అంటించవద్దు, అది మనుషుల్ని వేరే ఊరికి లాక్కుపోతుంది. మామూలు వాడుక తెలుగే రాసి, తేడా అంతా పిలుపులో పెట్టండి. చర్చిలో “సిస్టర్”, పక్కింటివాళ్ల నోట “మిస్” చేర్చిన ఇంటిపేరు, “మీరు”. తెల్ల పోలీసు నోట ఉత్త పేరు, “నువ్వు”.