మన పేట ఎటు ఓటేసిందో తెలుస్తుందా?

తెలుస్తుంది, కానీ బూత్ స్థాయి వరకే. ఏ ఇంటి ఓటు ఎటు పడిందో ఎవరికీ తెలియదు. ఈవీఎంలను బూత్‌వారీగా లెక్కిస్తారు కాబట్టి, ఒడిశాలో మన తెలుగువాళ్లుండే బరంపురంలోనైనా రాయగడలోనైనా ప్రతి బూత్‌లో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు వచ్చాయో ఫారం 20 అనే తుది ఫలితాల పత్రంలో ఉంటుంది. పోస్టల్ ఓట్లు మాత్రం అందులో బూత్‌ల లెక్కలో కలవవు. 2024లో ఒడిశాలో అసెంబ్లీకి, లోక్‌సభకు ఒకేసారి ఓటేశారు కాబట్టి రెండు ఫారాలూ చూడాలి. ఒకే బూత్ రెండింటిలో వేర్వేరు పార్టీలకు మొగ్గవచ్చు.

పోలింగ్ శాతం దగ్గరే చాలామంది పొరబడతారు. తక్కువగా ఉంటే "మన తెలుగువాళ్లకు పట్టదు" అనేస్తారు. అది అన్యాయం. శాతం కట్టేది జాబితాలోని పేర్ల మీద, ఊళ్లో ఉన్నవాళ్ల మీద కాదు. ఉదాహరణకు జాబితాలో 1,000 పేర్లుంటే, పనికోసం సూరత్‌కో హైదరాబాద్‌కో వెళ్లినవాళ్లు 200 మంది, ఓటేసినవాళ్లు 560 మంది అనుకుందాం. లెక్కలో 56 శాతమే కనిపిస్తుంది. ఊళ్లో ఉన్నవాళ్లలో అది 70 శాతం.

పైగా ఫారం 20లో భాష, కులం ఉండవు. దాన్ని పట్టుకుని తెలుగు ఓటు ఫలానా పార్టీదని తేల్చలేం.