ట్యూబా కొనే ముందు: పదో గ్రేడు అమ్మాయి తండ్రికి జవాబు

ప్రశ్న: మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. పదో గ్రేడు చదువుతున్న మా అమ్మాయి మిడిల్ స్కూలు నుంచీ బ్యాండులో ట్యూబా (మంద్ర స్వరాలు పలికే పెద్ద ఇత్తడి ఊదుడు వాయిద్యం) వాయిస్తోంది. కాలేజీలో సంగీతమే చదువుతానంటోంది. సొంత వాయిద్యం కొనిద్దామంటే ప్రైవేటు టీచరు సీ ట్యూబా తీసుకోమంటున్నారు. మాకు ఆన్‌లైన్‌లో 6/4 సైజు పాత ట్యూబా ఒకటి చవగ్గా కనిపించింది. ఏది కొనాలి? అసలు ఈ రంగంలో ఉపాధి ఉంటుందా?

జవాబు: ఆన్‌లైన్‌లో చూసిన ఆ 6/4 ట్యూబాను, అంటే మరీ భారీ సైజుదాన్ని, వదిలేయండి. సీ ట్యూబా సలహా తప్పు కాదు గాని, దానికి ఇంకా రెండేళ్ల సమయం ఉంది. మీరు ఇప్పుడు కొనదగినది నాలుగు వాల్వులున్న (వేళ్లతో నొక్కి స్వరం మార్చే మీటలు) 4/4 సైజు బీ ఫ్లాట్ ట్యూబా. సీ, బీ ఫ్లాట్ అన్నవి వాయిద్యం ఆధార శ్రుతి పేర్లు. పేరున్న తయారీదారుది, ఒకరు జాగ్రత్తగా వాడుకున్నది దొరికితే మరీ మంచిది. ఈ మాటకు కారణం మీ రెండో ప్రశ్నలోనే ఉంది కనుక ముందు దాని సంగతి చూద్దాం.

సింఫనీ ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించేవారు ముప్పై మంది దాకా ఉంటారు. ట్యూబాకు ఉండేది సాధారణంగా ఒకే ఒక్క కుర్చీ. అది ఖాళీ కావడమూ అరుదే. షికాగో సింఫనీలో ఆర్నాల్డ్ జేకబ్స్ 1944లో చేరి 1988 వరకు ఆ స్థానంలోనే కొనసాగారు. అంటే ఒక తరం వాద్యకారులకు అక్కడ అవకాశమే రాలేదన్నమాట. అయినా తలుపులు పూర్తిగా మూసుకుపోలేదు. కేరల్ జాంచ్ మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఇంకా చదువుకుంటుండగానే 2006లో ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాకు ప్రధాన ట్యూబా వాద్యకారిణిగా ఎంపికయ్యారు. ఆడపిల్లకు ఇంత బరువైన వాయిద్యం ఎందుకని బంధువులెవరైనా అంటే ఈ పేరు చెప్పండి. ఇవి కాక సైనిక బ్యాండులున్నాయి. 1798లో ఏర్పడిన అమెరికా మెరైన్ బ్యాండు వాటిలో పేరెన్నికగన్నది. అయితే మీ రాష్ట్రంలో ఎక్కువ మందికి స్థిరమైన జీతం ఇచ్చే దారి స్కూలు బ్యాండ్ డైరెక్టరు ఉద్యోగం. దానికి మ్యూజిక్ ఎడ్యుకేషన్ డిగ్రీ, టీచర్ సర్టిఫికేషను కావాలి.

ఆర్కెస్ట్రా దారికీ, స్కూలు టీచరు దారికీ కావలసిన వాయిద్యం ఒకటి కాదు. అమెరికా స్కూళ్లలో వాడేది దాదాపు ఎప్పుడూ సుమారు పద్దెనిమిది అడుగుల గొట్టం ఉన్న బీ ఫ్లాట్ ట్యూబానే. మార్చింగ్ సీజనులో భుజానికెత్తుకునే సూసాఫోను శ్రుతి కూడా అదే. అమెరికన్ ఆర్కెస్ట్రాల వాద్యకారులు మాత్రం ఎక్కువగా పదహారు అడుగుల సీ ట్యూబాను వాడతారు, దానికి తోడుగా చిన్నదైన ఎఫ్ ట్యూబాను ఉంచుకుంటారు. మీ అమ్మాయి వాద్యకారులను తయారుచేసే పెర్ఫార్మెన్స్ డిగ్రీలో చేరితే అక్కడి ప్రొఫెసరు సీ ట్యూబాకు మారమంటారు. ఏ తయారీ, ఏ సైజు అన్న విషయంలో ఆయనకూ కొన్ని ఇష్టాయిష్టాలు ఉంటాయి. చాలా కాలేజీలు సొంత వాయిద్యాలను విద్యార్థులకు అరువిస్తాయి కూడా. ఆ ప్రొఫెసరు ఎవరో తెలియకముందే వేల డాలర్లు పోసి కొనడంలో తొందరపాటు తప్ప లాభం లేదు. పైగా, ట్యూబా సంగీతాన్ని అమెరికాలో అసలు శ్రుతిలోనే రాస్తారు కనుక వాయిద్యం మారితే ప్రతి స్వరానికీ వేళ్లు కొత్తగా నేర్చుకోవాలి. రాష్ట్రస్థాయి బ్యాండుకు ఎంపిక చేసే ఆల్-స్టేట్ ఆడిషన్లకు సిద్ధపడే ఏడాదిలో బడిలో ఒక వేళ్ల అమరిక, ఇంట్లో మరొకటి అయితే శ్రద్ధ చీలిపోతుంది.

నాలుగో వాల్వు గురించి మాత్రం రాజీ పడవద్దు. మన సంగీతపు లెక్కలో చెప్పాలంటే రెండో వాల్వు శ్రుతిని ఒక స్వరస్థానం, మొదటిది రెండు, మూడోది మూడు స్వరస్థానాల మేర దించుతాయి. ప్రతి వాల్వుకూ అతికించిన అదనపు గొట్టం పొడవును, అది ఒక్కటే నొక్కినప్పుడు సరిపోయేలా లెక్కగడతారు. మొదటిదీ మూడోదీ కలిపి నొక్కినప్పుడు మొత్తం గొట్టం అప్పటికే పొడుగైపోయి ఉంటుంది కనుక ఆ లెక్క చాలదు, శ్రుతి హెచ్చుతుంది. మూడూ కలిపి నొక్కితే ఇంకా హెచ్చుతుంది. బీ ఫ్లాట్ ట్యూబాలో కింది సీ (C), ఎఫ్ (F) ఒకటి-మూడు కలిపి నొక్కే స్వరాలు. వాటి పక్కనున్న బీ (B), ఈ (E) మూడూ కలిపి నొక్కేవి. నాలుగో వాల్వు ఒక్కటే అయిదు స్వరస్థానాలు దించుతుంది కనుక మొదటి జతకు అది, రెండో జతకు రెండు-నాలుగు వాల్వుల కలయిక సరిపోతాయి. మూడు వాల్వుల వాయిద్యంలో ఆ కింది ఈ (E) స్వరానికి దిగువన ఏర్పడే ఖాళీ కూడా చాలావరకు నిండుతుంది. మూడు వాల్వుల ట్యూబా ఎంత చవగ్గా వచ్చినా అది మీ అమ్మాయి దాటి వచ్చిన దశకే పనికివస్తుంది.

ఇక 6/4 సంగతి. జేకబ్స్ వాయించిన ట్యూబాను మిషిగన్‌లోని గ్రాండ్ ర్యాపిడ్స్‌లో యార్క్ కంపెనీ తయారు చేసింది. తర్వాతి కాలంలో అనేక కంపెనీలు దాన్ని అనుకరించి భారీ ట్యూబాలు చేశాయి, యువ వాద్యకారులకు వాటి మీద మోజు పెరిగింది. నిండు ఆర్కెస్ట్రా కింద పెద్ద హాలును నింపడానికి అవి అద్భుతంగా పనిచేస్తాయి. చిన్న గదిలో న్యాయనిర్ణేతలు వినే ఆడిషనుకు కావలసింది ప్రతి స్వరం మొదలూ తుదీ తేటగా వినిపించడం. ఇంకా ఊపిరి నిలదొక్కుకుంటున్న విద్యార్థి చేతిలో అంత పెద్ద వాయిద్యం మాటలు మింగేసినట్లు పలుకుతుంది. ఈ సైజుల అంకెలకు ఉమ్మడి కొలమానం కూడా లేదు. ఒక కంపెనీ 4/4 మరొకరి 5/4 అంత ఉండవచ్చు. అంకెను నమ్మకుండా అమ్మాయిని కుర్చీలో కూర్చోబెట్టి, మెడ సాచకుండా, నడుము వంచకుండా మౌత్‌పీస్ పెదవులకు అందుతోందో లేదో చూడండి. ఎత్తు చాలకపోతే స్టాండు వాడవచ్చు.

మోడళ్లలో యమహా వైబీబీ-321, కింగ్ 2341 పిస్టన్ రకాలు (వాల్వు కిందికీ పైకీ కదులుతుంది). జర్మనీలోని వాల్డ్‌క్రైబుర్గ్‌లో తయారయ్యే మిరాఫోన్ 186 రోటరీ రకం (వాల్వు గుండ్రంగా తిరుగుతుంది). స్కూళ్లలో విరివిగా తిరిగే వాయిద్యాలు కనుక విడిభాగాలూ బాగుచేసేవారూ దొరుకుతారు, తిరిగి అమ్మేటప్పుడూ బేరం తెగుతుంది. ఈస్ట్‌మన్, వెసెక్స్ వంటి చైనా తయారీలు ధరకు తగిన విలువే ఇస్తున్నాయి; అయితే ఒకే మోడల్‌లోనూ ఒక్కొక్కటి ఒక్కోలా పలకవచ్చు కనుక వాయించి చూడకుండా తెప్పించవద్దు. ఇండియా వెళ్లినప్పుడు కొందామనే ఆలోచన ఉంటే మానుకోండి. మీరట్‌లోని జలీ కోఠీ బ్రాస్ వాయిద్యాలకు పేరుపడిన బజారే గాని, అక్కడి సరుకు ప్రధానంగా పెళ్లి బ్యాండుల కోసం తయారయ్యేది.

పరీక్షించడానికి మంచి చోటు ఫిబ్రవరిలో శాన్ ఆంటోనియోలో జరిగే టెక్సాస్ సంగీత ఉపాధ్యాయుల సంఘం సమావేశం. అక్కడి ప్రదర్శనలో ఎన్నో కంపెనీల ట్యూబాలను ఒకే రోజు వాయించి చూడవచ్చు. ప్రవేశం ఎలాగో బ్యాండ్ డైరెక్టరును అడగండి. అమ్మాయి తన మౌత్‌పీస్‌నే తీసుకెళ్లాలి. మౌత్‌పీస్‌లో వాయిద్యపు గొట్టంలోకి దూర్చే కాడల కొలతలు అమెరికన్, యూరోపియన్ రకాల్లో వేరు; కాడ సరిగా కూర్చోకపోతే మంచి ట్యూబా కూడా చెడ్డదిగా తోస్తుంది. ప్రతి స్వరాన్నీ ముందు కళ్లు మూసుకొని తనకు సహజంగా వచ్చిన చోట నిలపమనండి, ఆ తర్వాతే శ్రుతి కొలిచే ట్యూనరు చూడమనండి. చూస్తూ వాయిస్తే పెదవులు తప్పును సర్దేస్తాయి, వాయిద్యం లోపం బయటపడదు. స్టాఫ్ (స్వరాలు రాసే అయిదు గీతలు) లోపలి డీ స్వరం శ్రుతి తగ్గుగా ఉండటం చాలా ట్యూబాల నైజం. అది ఒకటి-రెండు వాల్వులతో సర్దుకుంటుందేమో చూడాలి. మొదటి వాల్వు స్లైడు (శ్రుతి సర్దడానికి లోపలికీ బయటికీ జరిపే గొట్టం), వాయిస్తుండగా ఎడమచేతికి అందాలి.

పాత వాయిద్యమైతే వాల్వు నొక్కకుండా దాని స్లైడును లాగండి. టప్పుమని శబ్దం వస్తే లోపల గాలి కారిపోకుండా నిలుస్తోందని అర్థం, అది మంచిదే. కింది వంపులో సొట్టలకు, మెరుగు పోవడానికి భయపడనక్కరలేదు. మౌత్‌పీస్ తర్వాత వచ్చే సన్నని గొట్టంలో సొట్ట గాని, నడుమ చుక్క ఉన్న గులాబీరంగు మచ్చలు గాని కనిపిస్తే వెనక్కి రండి. ఆ మచ్చలు లోహం లోపలి నుంచి తినుకుపోతోందనడానికి గుర్తు. కదలని స్లైడును బలవంతంగా లాగి చూడవద్దు, రిపేరు చేసేవారి అంచనా తీసుకొని ధరలో తగ్గించమనండి. అమ్మేవారు కనీసం వారం పాటు ఇంటికి ఇచ్చి, నచ్చకపోతే వెనక్కి తీసుకుంటామని రాసివ్వకపోతే అక్కడ కొనకండి. ఆ వారంలో టీచరుతో ఒకసారి వాయించి చూపించమనండి, ఆయన దూరంగా నిలబడి వినమని కోరండి.

పదకొండో గ్రేడు చివర్లో దరఖాస్తు చేయదలచిన కాలేజీల ట్యూబా ప్రొఫెసర్లకు అమ్మాయి చేతనే ఉత్తరం రాయించండి. ఒక పాఠం ఇవ్వగలరా, విద్యార్థులకు సీ ట్యూబా అరువిస్తారా అని అడిగించండి. ఆ జవాబులు వచ్చాక, ఇప్పుడు కొన్నది అమ్మి సీ ట్యూబాకు మారాలో, దాంతోనే టీచరు ఉద్యోగం దాకా వెళ్లాలో తేలిపోతుంది.