అమ్మని ప్రభు బల్లకి తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: మాది మెట్టుగూడ. మా అమ్మకి అల్జీమర్స్. ఒకప్పుడు క్వయర్‌లో పాడేది. ఇప్పుడు నన్నే "ఎవరమ్మా నువ్వు?" అంటోంది. మొన్న సంస్కారపు ఆదివారం, యేసు చివరి భోజనం గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభు బల్ల దగ్గర, రొట్టె ముక్క నోట్లో పెట్టుకోకుండా కొంగున ముడేసుకుంది. వెనక లైను ఆగిపోయింది. "తన్ను తాను పరీక్షించుకోలేని మనిషికి బల్ల ఎందుకు?" అన్నారు సంఘ పెద్ద ఒకాయన. అప్పట్నుంచి ఇంట్లోనే ఉంచుతున్నాను. సరైన పనేనా అయ్యగారూ?
– ఒక సోదరి, సికింద్రాబాద్

జవాబు: తీసుకెళ్లండమ్మా. వచ్చే నెలే తీసుకెళ్లండి.

ఆ పెద్దాయన చెప్పింది కొరింథు సంఘానికి పౌలు రాసిన మొదటి పత్రికలోని మాట (1 కొరింథీ 11:28): ఎవరికి వారు పరీక్షించుకుని ఆ రొట్టె తినాలని. ఆ అధ్యాయం కిందిదాకా చదవాలి. కొరింథులో గొడవ మతిమరుపు వాళ్లతో రాలేదు. కొందరు ఎవరి భోజనం వాళ్లు ముందే కానిచ్చి మత్తెక్కి కూర్చుంటే, లేనివాళ్లు ఆకలితో చూసేవాళ్లు. పౌలు కోపం ఆ తొందర మీద. అందుకే 33వ వచనంలో ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకుని ఉండమన్నాడు. మీ అమ్మ కోసం లైను కాసేపు ఆగిందా, అదే ఆ వచనం! మన దగ్గర మొదటి ఆరాధన వదలకముందే రెండో ఆరాధన వాళ్ల బళ్లు గేటు దగ్గర హారన్ కొడుతుంటాయి. ఈ హడావిడి పౌలు నేర్పింది కాదు.

ఇక జ్ఞాపకం సంగతి. చంటిబిడ్డకి బాప్తిస్మం ఇస్తాం, వాడికేం గుర్తుంటుంది? సంఘం గుర్తుపెట్టుకుంటుంది. సిలువ మీది దొంగ కూడా "నన్ను జ్ఞాపకం చేసుకో" అని అడిగాడే గానీ, నిన్ను మరిచిపోనని మాటివ్వలేదు. ఒకప్పుడు నర్సుగా చేసిన స్కాట్లండ్ దైవశాస్త్రవేత్త జాన్ స్వింటన్ 2012లో డిమెన్షియా మీద ఒక పుస్తకం రాశాడు. మన జ్ఞాపకం చెదిరినా దేవుడి జ్ఞాపకంలో మనం చెదరం అన్నదే అందులో ఆయన వాదన. యెషయా 49:15 చూడండి: తల్లి బిడ్డని మరిచినా నేను మరువను అంటాడు దేవుడు. తల్లి మరిచిన బిడ్డ ఇప్పుడు మీరే. ఆ మాట మీక్కూడా.

పెద్దాయనతో వాదనకి దిగకండి, ముందు మీ పాస్టరు గారితో మాట్లాడండి. రొట్టెని ద్రాక్షరసంలో ముంచి, ఆమె కూర్చున్న చోటికే వచ్చి నోటికి అందించమనండి. ఈ జబ్బు ముదిరితే మింగడం కష్టమవుతుంది. పొలమారుతోందేమో డాక్టర్ని ముందే అడగండి. పాత కీర్తనలు పాడే ఆరాధనకే తీసుకెళ్లండి. చాలామందిలో పాట చివరిదాకా నిలుస్తుంది. పురుషోత్తమ చౌదరి గారి కీర్తన ఎత్తుకుంటే పల్లవి ఆవిడే అందుకోవచ్చు.